బుచ్చిరాములు పేరు మీద

పోయిన ఎండాకాలం మా ఇంటిల్లిపాదీ కలిసి మా మామకు ఆయన పేరు నేర్పినం.

యాభై ఎనిమిదేండ్ల మనిషికి పేరు నేర్పుడేంది అని బయటివాళ్లు అడుగుతరు. బొగ్గుబాయిల మీద బతికినవాళ్లు అడగరు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలోనే ఇంటికొక పేరు, బాయికొక పేరు ఉన్నవాళ్లు నలుగురున్నరు. మా మామ అసలు పేరు లక్ష్మీరాజం. కంపెనీ రికార్డులో మాత్రం బుచ్చిరాములు. ముప్పై నాలుగేండ్ల కింద బుచ్చిరాములు అనే ఆయన దోస్తుకు బాయి పనికి కాల్ లెటర్ వచ్చింది. ఆ మనిషి పదకొండు రోజులు కిందికి దిగిండు. పన్నెండో రోజు కప్పు కూలిన చప్పుడు విన్నడు. పైకొచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసి, తనతోపాటు పని వెతుక్కుంట వచ్చిన మా మామ చేతిలో పెట్టిండు. "నీకు ధైర్యమున్నది, నాకు రెండెకరాలున్నయి. ఎవనికున్నది వాడు నమ్ముకుందాం" అని పెద్దపల్లి అవతలి తమ ఇద్దరి ఊరికి బస్సెక్కిండు. అప్పటి సంది బాయి మీద "బుచ్చిరాములు" అని పిలిస్తే పలికింది మా మామే.

మార్చిలో మెడికల్ బోర్డు మామను అన్‌ఫిట్ చేసింది. వేరే ఊర్లల్లో అయితే ఈ మాటకు ఏడుస్తరు. మా దగ్గర స్వీట్లు పంచుతరు. తండ్రి ఊపిరి చెడితే కొడుక్కు ఉద్యోగం వస్తది మరి. మా ఆయన భానుప్రసాద్ అప్పటికే ఎనిమిదేండ్ల సంది ఓపెన్‌కాస్టు గని కాడ ఒక కాంట్రాక్టరు టిప్పరు నడుపుతున్నడు. పన్నెండు గంటల డ్యూటీ, పండుగ లేదు, దవఖాన లేదు. జూన్ ఇరవై మూడు దాటితే ఆయనకు ఉద్యోగం వయసు దాటిపోతది. అంతలోపల ఫైలు కదలాలె.

ఫైలు కదలలే. మా ఆయన పదో తరగతి మెమోలో తండ్రి పేరు లక్ష్మీరాజం అని ఉన్నది. ఆయనను ఊరి బడిలో వేసిన రోజు మామ డ్యూటీలో ఉన్నడు. చెయ్యి పట్టుకొని తీసుకపోయింది మామ తల్లి. తండ్రి పేరేంది అని సారు అడిగితే, కన్నతల్లి తను పెట్టిన పేరు కాక ఇంకేం చెప్తది? ఇన్నేండ్లకు ఆ ముసలమ్మ నిజం మా నెత్తిన పడ్డది. మెమో చూసి, బుచ్చిరాములు కొడుకువే నువ్వని రుజువేంది అని అడిగిన్రు. మే పద్నాలుగున ఊర్లోనే విచారణ అన్నరు.

నేను కరీంనగర్‌లో డిగ్రీ చదివిన. పదేండ్ల కాపురంలో ఆ డిగ్రీ గ్యాస్ బుకింగుకు, వరుసలోని వాళ్ల దరఖాస్తులకు తప్ప దేనికీ అక్కరకు రాలే. ఇప్పుడు దానికి పని పడ్డది. కథ నేనే అల్లిన. బుచ్చిరాములు అసలు పేరు, లక్ష్మీరాజం ముద్దుపేరు, ఇద్దరూ ఒక్క మనిషే. ఇద్దరి ఇంటిపేరు ఒక్కటే కావడం కలిసొచ్చింది.

ఇక మిగిలింది ప్రాక్టీసు.

*

పక్క క్వార్టర్ చాంద్‌పాషా చాచా మామతో ఇరవై ఏండ్లు ఒకే షిఫ్టు చేసి పోయిన ఏడే రిటైరై దిగిపోయిండు. ఆఫీసరు వేషం ఆయనకిచ్చినం. మా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, మా బిడ్డ భవ్యశ్రీ ఎక్కాల పుస్తకం ఫైలు లెక్క పట్టుకున్నడు.

"నీ పేరు?"

"బుచ్చిరాములు సార్."

"తండ్రి పేరు?"

"మల్లయ్య సార్."

"మరి గీ లక్ష్మీరాజం ఎవలు?"

మామ నా దిక్కు చూసిండు. నేను పెదవులు కదిపిన.

"మా అవ్వ ముద్దుగ పిలిచిన పేరు సార్."

"ముద్దుపేరంటె చిన్నగుంటది. చింటు, బంటు. గింత పొడుగు ముద్దుపేరు ఎవలన్న పెడ్తరా?"

"మా అవ్వకు ముద్దు జర ఎక్కువుండె సార్."

అది నేను నేర్పిన జవాబు కాదు. చాచా కూడా నవ్విండు. అంతలోనే పుస్తకం తిరగేసి ముఖం గంభీరం చేసుకున్నడు.

"రిజిస్టర్‌ల ఎడమ మోచెయ్యి మీద పుట్టుమచ్చ అని రాసి ఉన్నది. చూపెట్టు."

ఆ మచ్చ అసలు బుచ్చిరాములుది. చేరిన రోజు ఆయన చెయ్యి చూసి రాసుకున్నది. మామ చొక్కా చెయ్యి పైకి మడిచిండు. మోచెయ్యి మీద వేలంత పొడుగు నీలం మచ్చ. పదహారేండ్ల కింద పైనుంచి బండ పడ్డప్పటిది. గాయంలో చిక్కిన బొగ్గుపొడి చర్మం కిందనే ఉండిపోతది, ఎన్ని సబ్బులు పెట్టినా పోదు. మామ వీపు నిండ అసొంటి గీతలే.

"దెబ్బ సరిగ్గ మచ్చ కాడ్నే తాకింది సార్" అన్నడు మామ.

"వాహ్" అన్నడు చాచా. "భాయ్, గా బండకు గూడ నీ కేసు తెలిసినట్టున్నది."

తర్వాత మా అత్త వంతు. అత్త సక్కుబాయిది మహారాష్ట్ర పొలిమేరలోని భైంసా. కోపమొస్తే మరాఠీలోకి దిగుతది. మాకెవరికీ అర్థం కాదు కాబట్టి ఇంట్లో శాంతిగానే ఉంటది.

"అమ్మా, నీ భర్త పేరు చెప్పు" అన్నడు చాచా.

అత్త కొంగు సర్దుకొని గోడ దిక్కు తిరిగింది. "నేను చెప్ప."

"విచారణ అమ్మా. చెప్పాలె."

"ముప్పై ఆరేండ్ల సంది మొగని పేరే నోట పట్టలే. ఇప్పుడు పరాయి మొగోని పేరు పట్టుమంటరా? మొగని పేరు పలికితె ఆయుష్షు తగ్గుతది."

"మరి నువ్వు పలికేది ఈయన పేరు కాదు గదత్తా" అన్న నేను. "తగ్గినా బుచ్చిరాములు మామదే తగ్గుతది."

అత్త మరాఠీలోకి దిగింది. మేం నవ్వుతున్నం. గేటు కాడ చప్పుడైతే చూసినం. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, కనురెప్పల దాక దుమ్ముతోని, ఎంత సేపటి సంది నిలబడ్డడో.

"నవ్వుండ్రి" అన్నడు. "ఇరవై మూడు తర్వాత గూడ గిట్లనే నవ్వుండ్రి."

నవ్వు ఆగిపోయింది. మామ చొక్కా చెయ్యి కిందికి దించుకున్నడు. చాచా ఎక్కాల పుస్తకం నా చేతికిచ్చి, "బేటీ, గా అసలోడు ఊర్లనే ఉన్నడు గదా. విచారణ నాడు వాడు ఎదురుపడితె?" అని నెమ్మదిగా అడిగిండు.

ఆ సంగతి నేను అప్పటికే ఆలోచించిన. సాక్షులు ఊరివాళ్లే, వాళ్ల గురించి భయం లేదు. విచారణకు ముందూ వెనకా రెండు రోజులు ఒక మనిషిని ఊర్లోంచి మాయం చెయ్యాలె, అంతే.

*

మే మొదటివారంలో నేను ఒక్కదాన్నే ఊరికి పోయిన. బుచ్చిరాములు ఇంటి మీద పెంకులు సర్దుతున్నడు. నిచ్చెన దిగిండు, నన్ను చూసి నీళ్లు తెమ్మని భార్యకు కేక వేసిండు, కుర్చీ దులిపిండు. ఆ కేకకు గాని, ఆ నిచ్చెనకు గాని ఆయనకు ఆయాసం రాలే. మా మామ బాత్రూం గడప ఎక్కితే గోడ పట్టుకుంటడు. ఇద్దరిదీ ఒక్కటే వయసు.

"బాసరకు పోయి రావాలె మామా, మీ ఇద్దరు" అన్న. "మా భవ్యకు మొక్కున్నది. నాకు వీలుపడ్తలేదు."

"ఏమని మొక్కినవ్?"

"చదువు మంచిగ రావాలని."

"నీ బిడ్డ సదువుకు నువ్వు మొక్కి, నేను బోయి తీర్చాల్నా?" అని, కాసేపు తలగుడ్డతో మెడ తుడుచుకున్నడు. "ఎన్నో తారీకు?"

"పదమూడు పోయి, రెండు రాత్రులుండి పదిహేను వస్తె సరిపోతది."

"పద్నాలుగున వస్తున్నరట గదా కంపెనీవాళ్లు. సర్పంచు చెప్పిండు." ఆయన గొంతులో కోపం లేదు. "పేరు ఇచ్చిన. ఇప్పుడు రెండు రోజులు ఊరు గూడ ఇయ్యమంటుండు మీ మామ. గంతే గదా?"

"మామ కాదు. నేనే."

"ఇస్తతియ్" అన్నడు. "నేను దిగలేని బాయిల ముప్పై నాలుగేండ్లు దిగిండు వాడు. నేను బస్సెక్కలేనా?"

ఇంత సులువుగా పని అవుతదని అనుకోలే. చాయ తాగి లేస్తే అయిపోయేది. కాని ఆయన భార్య పోసక్క, ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు గదా అని ఆధార్ కార్డు కోసం రేకుపెట్టె తెరిచింది. ఒక చెయ్యి నడుము మీదనే ఉన్నది, ఇంకో చేత్తో వెతుకుతున్నది. కార్డుతోపాటు మడిచిన కాగితం ఒకటి చేతికొచ్చింది.

"బిడ్డా, దేవుడు పంపినట్టే వచ్చినవ్. గిది జర సదివి పెట్టు" అన్నది. "మా రేషన్ కార్డు బందయి రెండేండ్లాయె. ఎన్నిసార్లు తిరిగినా మిషిన్ల లేదంటరు. తిండి సంగతి కాదు, నాకు కడుపుల గడ్డ ఉన్నది. కార్డుంటె పెద్ద దవఖాన్ల పైసల్లేకుండ ఊకెనే ఆపరేషన్ జేస్తరట. మొన్న పెద్దపల్లి పోయి లొల్లి జేస్తె గీ కాయితం మొకాన కొట్టిండ్రు. ఇంగ్లీషుల ఉన్నది."

నాలుగు లైన్లున్నయి. కార్డు నంబరు, ఊరి పేరు, తీసేసిన తారీకు. నాలుగో లైనులో కారణం. కుటుంబ పెద్ద బుచ్చిరాములు, తండ్రి మల్లయ్య, బొగ్గు కంపెనీలో ఉద్యోగి.

ఆ నాలుగో లైను నేను రెండుసార్లు చదివిన. లోపల చదివిన.

"ఏమున్నది?" అన్నది పోసక్క.

ఇది చెప్తే ఈమె రేపే పెద్దపల్లి పోయి, నా మొగడు ఉద్యోగి కాదు, ఇగో ఇక్కడున్నడు అని నిలబెడ్తది. నిలబెట్టాలె కూడా. అప్పుడు మా మామ ఎవరు? మా ఆయన ఎవరి కొడుకు? ఇంత లెక్క నాకు ఎంత తొందరగా తట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ నా తెలివి మీద నాకే భయమేస్తది.

"వేలిముద్ర సరిగ పడలేదట అత్తా" అన్న. "మళ్ల వెయ్యాలె."

"గంతేనా?"

"గంతే."

ఆమె చేతులు వెలుతురు దిక్కు చాపి వేళ్ల కొసలు చూసుకున్నది. "నాట్లేసి నాట్లేసి అరిగిపోయినయి బిడ్డా" అన్నది, తప్పు తన వేళ్లదే అన్నట్టు.

బుచ్చిరాములు మళ్లీ నిచ్చెన ఎక్కుతున్నడు. ఆయన విన్నడో లేదో నేను చూడలే. చెప్పులేసుకొని బస్టాపుకు నడిచిన.

*

"బుచ్చిరాములు ఎట్లున్నడు?" అని అడిగిండు మామ, నేను ఇంటికి రాంగనే.

"మంచిగనే ఉన్నడు. బాసర పోతమన్నరు."

"ఏమన్న అడిగిండా?"

"ఏం అడగలే మామా."

"అడగడు వాడు" అన్నడు మామ. "ఇన్నేండ్లల్ల ఒక్కటి అడగలే."

ఆ వారం ఎండ నలభై ఆరు దాటింది. మా ఇంట్లో మాటలు తగ్గినయి. ప్రాక్టీసు మాత్రం పొద్దుమాపు నడిచింది. మామ అన్నం తింటుండంగ మా ఆయన ఎనుక నుంచి "బుచ్చిరాములూ" అని పిలిచేటోడు. మామ వెంటనే పలికేటోడు. కొడుకు తండ్రిని పేరు పెట్టి పిలుస్తుంటే అత్త వంటింట్లోకి పోయేది. నేను మాత్రం రొట్టె కాలుస్తున్నా, బట్టలు పిండుతున్నా, నాలుగో లైను చదువుకుంటనే ఉన్న. చెప్పొద్దు అనుకున్న. ఉద్యోగం ఆర్డరు చేతికి రాంగనే ఆ కార్డు నేనే దగ్గరుండి చేయిస్త అనుకున్న. ఎట్ల చేయిస్తనో మాత్రం నా డిగ్రీకి కూడా తట్టలే. మామ దిగిపోయినా ఆ పేరు కంపెనీ పెన్షన్‌దారుదే అయితది. బుచ్చిరాములు బతికినన్ని రోజులు ఆయన పేరు ఆయనది కాదు.

పదమూడో తారీకు పొద్దున పోసక్క బస్సులోంచి ఫోన్ చేసింది. కిటికీ కాడ సీటు దొరికిందట, నాకు టికెట్ లేదు, ఈయనకు మాత్రం కొట్టిండ్రు అని నవ్వింది. "నీ బిడ్డ మొక్కు మరువను. అట్లనే నా వేలిముద్ర పడాలని గూడ అమ్మవారికి ఒక టెంకాయ కొడ్త" అన్నది.

నేను సరే అన్న.

మర్నాడు పొద్దున అయిదింటికే ఇల్లు లేచింది. అత్త, నేను ఏడు గంటల బస్సుకు, మామ, మా ఆయన బండి మీద పోవాలె. మా ఆయన పెట్రోలు పోయించుకొస్త అని పోయిండు. అత్త స్నానానికి పోయింది. మామ ఇస్త్రీ చొక్కా వేసుకొని, గుండీలు మెడ దాక పెట్టుకొని, మంచం అంచు మీద కూర్చున్నడు. పెదవులు కదులుతున్నయి. తండ్రి పేరు మల్లయ్య, తండ్రి పేరు మల్లయ్య.

చాయ ఇచ్చిన. ఇచ్చి వంటింట్లోకి పోయిన. మళ్లీ వచ్చిన.

"మామా, బుచ్చిరాములు మామ వాళ్లకు రెండేండ్ల సంది రేషన్ కార్డు లేదు. ఆయన పేరు మీద కంపెనీల ఉద్యోగం ఉన్నదని తీసేసిండ్రు. గా కార్డు లేక పోసక్కత్తకు ఆపరేషన్ ఆగింది."

మామ చాయ ఊదిండు.

"వాళ్లకు ఎరుకేనా?"

"నన్నే సదువుమన్నరు. నేను చెప్పలే."

"ఊఁ."

చాయ మొత్తం తాగిండు. కప్పు నా చేతికిచ్చి, "చక్కెర ఎక్కువేసినవ్ ఇయ్యాల" అన్నడు.

గేటు ముందు బండి హారన్ కొట్టింది.

*

పంచాయతీ ఆఫీసులో ఒక్కటే ఫ్యాను. దాని కింద కంపెనీ నుంచి విచారణకొచ్చిన ముకర్రం సార్ కూర్చున్నడు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, అందరినీ మీరు మీరు అంటడు. ఆయన అరిచే మనిషి అయితే మాకు ఇంత భయం ఉండకపోయేది. పక్కన రిజిస్టరు పట్టుకొని ఒక గుమస్తా. సర్పంచు, ఇద్దరు పెద్దమనుషులు బల్ల మీద. మేం గోడ పొంటి. మా ఆయన లోపలికి రాలే, కిటికీ అవతల ఎండలో నిలబడ్డడు.

ఊరు మమ్మల్ని మించిపోయింది. మేం నేర్పనివి కూడా చెప్పింది. సర్పంచు చిన్నప్పుడు లక్ష్మీరాజం అని పిలిస్తే బుచ్చిరాములు ఏడ్చేటోడని చెప్పిండు. ఒక పెద్దమనిషి ఈ ఊర్లో ఆ పేరుతో రెండో మనిషి పుట్టనేలేదన్నడు. మూడిండ్ల అవతల ఆ రెండో మనిషి కొత్తగా సర్దిన పెంకులు ఎండకు మెరుస్తున్నయి.

"అమ్మా, మీ భర్త పేరు చెప్పండి" అన్నడు సార్.

అత్త తల దించుకున్నది. ముకర్రం సార్ ఒక్క క్షణం చూసి, "పేరు పలకరు గదా మీరు. మా అమ్మ గూడ పలుకది. పర్వాలేదు" అని తనే ఏదో రాసుకున్నడు. అత్త ఊపిరి వదిలింది. నేను కూడా.

మోచెయ్యి చూపించమన్నరు. మామ చూపించిండు. సార్ కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చి, ఆ నీలం మచ్చ మీద కళ్లు పెట్టి చూసిండు. గుమస్తా రిజిస్టరు ముందుకు జరిపిండు. సార్ దాని దిక్కు చూడనేలేదు.

"ఎప్పటిది?"

"రెండు వేల తొమ్మిది సార్. కప్పు కూలింది."

"ఎంతమంది ఉండె?"

"ముగ్గురం. ఒక్కడు రాలే."

సార్ తిరిగి వచ్చి కూర్చున్నడు. రెండు కాగితాలు సర్దిండు. "నా వైపు నుంచి ఏం లేదు" అన్నడు. "ఆఖరుది, రికార్డు కోసం. మీ పేరు, తండ్రి పేరు మీ నోటితో చెప్పండి. రాసి సంతకం తీసుకుంట. ఫైలు ఈ వారంల పోతది."

నేను మామ వీపు చూస్తున్న. ఇస్త్రీ చొక్కా చెమటకు అంటుకొని లోపలి గీతలు కనిపిస్తున్నయి.

"లక్ష్మీరాజం సార్" అన్నడు మామ. "తండ్రి పేరు నర్సయ్య."

ఫ్యాను తిరుగుతనే ఉన్నది. సర్పంచు గొంతు సవరించుకున్నడు. "అదే సార్, ముద్దుపేరు, ఎండకు జర తికమక..."

ముకర్రం సార్ చెయ్యెత్తి ఆపిండు. పెన్ను కాగితం మీద పెట్టలే. "పెద్దమనిషీ, జర సోంచాయించి చెప్పుండ్రి. నేను అడిగింది కంపెనీల ఉన్న పేరు. మీరు ఇంట్ల పిలిచే పేరు చెప్తున్నరు. మళ్ల అడుగుత. మీ పేరు?"

మామ వెనక్కి తిరిగి చూస్తడేమో అనుకున్న. చూడలే. చూస్తే నేను పెదవులు కదిపేదాన్నో లేదో నాకు తెల్వదు.

"కంపెనీల ఉన్న పేరు నా దోస్తుది సార్. వాడు ఈ ఊర్లనే ఉంటడు. పని నేను చేసిన, పేరు వానిది. మీరు ఏం రాసుకున్నా మంచిదే, గాని గా కంప్యూటర్‌ల కెల్లి వాన్ని తీసెయ్యిండ్రి. దానితోని వాని రేషన్ కార్డు బందయింది, వాని ఇంట్ల మనిషికి పానం బాగలేదు."

ముకర్రం సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నడు. తర్వాత అంతా రాసిండు. చదివి వినిపించిండు. మామ సంతకం చేసే కాడ ఆగి, "ఏ పేరు పెట్టాలె సార్?" అని అడిగిండు.

"మీదే" అన్నడు సార్.

మామకు ఆ సంతకం చెయ్యి తిరగలే. ముప్పై నాలుగేండ్లాయె. వంకరగా వచ్చింది.

కిటికీ అవతల మా ఆయన లేడు. బయటికొచ్చి చూస్తే బండి మీద కూర్చొని ఉన్నడు, స్టార్టు చేసి.

*

బస్సులో అత్త కిటికీ కాడ కూర్చున్నది. పెద్దపల్లి దాటినంక "ఇయ్యాల్టి సంది ఒక్కడే మొగడు" అన్నది. ఏడ్చిందో నవ్విందో కొంగు అడ్డమొచ్చి కనిపించలే.

ఇంట్లో ఒక్కసారే అడిగింది, అన్నాల కాడ. "గా కార్డు ముచ్చట నీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తె ఏంది?" అన్నడు మామ.

మా ఆయన నా దిక్కు చూసిండు. నేను గిన్నె దిక్కు చూసిన. ఆయన చారు పోసుకున్నడు.

అటు తర్వాత మా వరుసకు మేం అంటరాని వాళ్లమైనం. ఒక్కడు నిజం చెప్తే ఎన్ని తలుపులు మూసుకుంటయో అప్పుడు చూసిన. బాయికొక పేరున్న మిగిలిన మూడిండ్లవాళ్లు నల్లా కాడ నన్ను చూసి బిందె తీసుకొని వెళ్లిపోయేటోళ్లు. వాళ్ల ఫైళ్లు కూడా తిరగేస్తరని భయం. భయం తప్పు కాదు. చాంద్‌పాషా చాచా మాత్రం నాలుగో రోజు వచ్చిండు. కుర్చీలో కూర్చోలే. "పిచ్చోడివి భాయ్ నువ్వు" అన్నడు మామను. ఇంకో అరగంట ఇద్దరూ వాకిట్లో నిలబడ్డరు. పోయేటప్పుడు "రాజంభాయ్, పొద్దుగాల నడకకు పోదాం" అన్నడు.

మామ మీద విచారణ పైకి పోయింది, ఇంకా తేలలే. క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. మార్కండేయ కాలనీ అవతల రెండు రూములు చూసినం. మా ఆయన ఫైలు మీద ఏం రాసిన్రో మాకు ఎవరూ చెప్పలే. చెప్పాల్సిన అవసరమూ లేదు.

పోసక్క దగ్గరికి నేను మే ఆఖరులో పోయిన. కాగితం తెమ్మని, నాలుగో లైను ఉన్నదున్నట్టు చదివిన. ఆమె విన్నది. బుచ్చిరాములు అప్పటికే ఊరంతా చెప్పుకునేది విన్నడు కాబట్టి తల దించుకొని తాడు పేనుతున్నడు.

"మొన్న గూడ గిదే రాసి ఉండెనా?" అన్నది పోసక్క.

"గిదే ఉండె అత్తా."

ఆమె నన్ను తిట్టలే. కాగితం మడిచి పెట్టెలో పెట్టి, మూత వేసి, "పా మరి, ఇద్దరం పోదాం పెద్దపల్లికి" అన్నది. మూడుసార్లు తిరిగినం. మొదటి రెండుసార్లు బస్సులో ఆమె నా పక్కన కూర్చోలే.

*

జూన్ ఇరవై మూడు సోమవారం పడ్డది. పొద్దున్నే ఒక వాన కొట్టి వెలిసింది. ఇంట్లో ఎవరూ తారీకు మాట ఎత్తలే. భవ్యశ్రీ బడికి పోయింది. మామ చాచాతో నడకకు పోయి, అత్తతో కొత్త రూములు కడగడానికి అటే పోయిండు. సామాన్లు సగం మూటలు కట్టి ఉన్నయి.

మధ్యాహ్నం మా ఆయన డ్యూటీకి తయారై గడప మీద కూర్చొని బూట్లు వేసుకుంటున్నడు. టిఫిన్ డబ్బా పక్కన పెట్టిన. ఆ నలభై రోజులు ఆయన నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు అని నేను నలభై రోజులూ కాచుకున్న. రొట్టె మాడ్చిన, ఏం అనలే. చొక్కా గుండీ కుట్టలే, పిన్నీసు పెట్టుకొని పోయిండు.

"ఇయ్యాల్టితోని అయిపోయింది గదా" అన్న నేను.

"ఏంది?"

"నీ వయసు."

"ఊఁ."

"మామకు చెప్పింది నేనే. ఆ రోజు పొద్దుగాల, నువ్వు పెట్రోలుకు పోయినప్పుడు."

ఆయన ఎడమ బూటు లేసు బిగించిండు. కుడి బూటు దులిపి కాలు పెట్టిండు.

"తెలుసు."

"మామ చెప్పిండా?"

"చెప్పిండు."

"ఎప్పుడు?"

"గదే రోజు. పోయేటప్పుడు, బండి మీద. సుల్తానాబాద్ దాటినంక మొత్తం చెప్పిండు. కోడలు గిట్ల చెప్పింది, పోసక్కకు గిట్లున్నది అని. చెప్పి, ఏం జేద్దాం రా అని నన్నే అడిగిండు."

నేను గోడకు ఆనుకున్న. నలభై రోజులు ఈ ఇంట్లో ఇది నేనొక్కదాన్నే మోస్తున్న అనుకున్న.

"మరి నువ్వేమన్నవ్?"

ఆయన లేచిండు. టిఫిన్ డబ్బా తీసుకొని, బండి హ్యాండిలుకు తగిలించి, గేటు తెరిచిండు.

"ఏమంటా?" అన్నడు. "ముందట రోడ్డు తవ్వి ఉండె. గట్టిగ పట్టుకో బాపూ అన్న."